వాగు నీరు ఊరుచున్నదా, ఇంకుచున్నదా?

పంచాయతీ సమావేశములలో తరచుగా వినవచ్చు వాదమొకటి కలదు. ఎగువ గ్రామమువారు ఒడ్డున బోర్లు వేసినందుననే వాగు ఎండినదని దిగువవారందురు. బోరు నీరు వేరు, వాగు నీరు వేరని ఎగువవారు బదులు చెప్పుదురు. నోటిమాటతో తీరని ఈ తగవు కొలిచి చూచినచో చాలవరకు తీరును. ఆ కొలత సంగతినే మేమిచ్చట వివరింపదలచితిమి.

నిజమునకు ఆ రెండు నీళ్లును వేరు కావు. ఒడ్డు బావిలోని నీటిమట్టము వాగు మట్టముకంటె ఎత్తుగా నున్నచో భూమిలోని నీరు ఊటగా వాగులోనికి దిగును. వానలు వెనుకబడిన పిమ్మటగూడ వాగు పారుచుండుటకు కారణమిదియే. బావిమట్టము క్రిందికి పోయినచో వాగు నీరే ఇసుకగుండ భూమిలోనికి ఇంకును. కార్తీకమున నీరిచ్చిన నేలయే చైత్రమున తీసికొనవచ్చును.

పూర్వపు అనంతపురము జిల్లాలో పెన్న, చిత్రావతి నదుల ఇసుకలో త్రవ్విన ఊటకాలువలు దీనికి మంచి నిదర్శనము. పైకి ఎండినట్లు కనబడు ఏటి ఇసుకక్రింద కదలు నీటిని పట్టి, ఏ యంత్రమును లేకయే అవి పొలములకు పారించెడివి. బోరుబావులు పెరిగి భూగర్భజలమట్టము పడిపోగా వానిలో పెక్కు వట్టిపోయినవి.

ఇక కొలత. వాన లేని దినమున, వాగుపై ఒక కిలోమీటరు ఎడముగా రెండు చోట్లు ఎంచుకొనవలెను. బండరాళ్లు, సుడులు లేక తిన్నగా పారు చోటు కావలెను. వెడల్పును, అడుగడుగున లోతును కొలిచి సగటు తీయవలెను. పిదప పది మీటర్ల దూరము గుర్తించి, నారింజకాయను నీటిలో విడిచి ఎన్ని సెకండ్లలో దాటునో నాలుగైదు మారులు చూడవలెను. బెండు ముక్క పనికిరాదు. గాలి దానిని తనకు తోచినట్లు నడపును. అడుగున నీరు మెల్లగా పారును గనుక, పైనీటి వేగములో నూటికి 85 పాళ్లు మాత్రమే లెక్కకు తీసికొందురు.

ఊహించిన ఉదాహరణమొకటి చూతము. ఎగువన వెడల్పు 2 మీటర్లు, సగటు లోతు 15 సెంటీమీటర్లు, కాయ దాటుటకు 25 సెకండ్లు. అనగా సెకండుకు సుమారు 102 లీటర్లు. నడుమ వాగునుండి మోటార్లు తోడునది 12 లీటర్లు. దిగువన కొలువగా తేలినది 60. మిగిలిన 30 లీటర్లు నేలలోనికి పోయినవన్నమాట. దినమునకది దాదాపు 26 లక్షల లీటర్లు! మనిషికి దినమునకు 55 లీటర్ల చొప్పున 47 వేలమందికి సరిపోవును. నడుమ పిల్లవాగేదైన కలిసినచో దానినిగూడ కొలిచి కలుపుకొనవలెను.

అయితే ఈ పద్ధతిలో నూటికి పది పాళ్ల పొరపాటు సులభముగా దొరలును. తేడా 30కి బదులు పది లీటర్లే అయినచో ఏమియు నిర్ణయింపరాదు, మరల కొలువవలెను. బోర్లు ఆగిన దినమునను, ఆడిన దినమునను కొలిచి పోల్చుట మేలేగాని, బోరు తోడిన ఫలితము వాగులో నాడే కనబడునని తలపరాదు. కొన్నిచోట్ల వారములు, నెలలుగూడ పట్టును. ఇంకిన నీరంతయు నష్టమనుటయు సరికాదు. మీ త్రాగునీటి బావి ఆ ఇంకుడుమీదనే బ్రతుకుచుండవచ్చును.

ఇసుక సంగతి ఇంతకంటె ముఖ్యమని మా అభిప్రాయము. ఇసుక తీసినకొలది వాగు అడుగు దిగును. దానితో ఒడ్డు బావులలోని నీరుగూడ వాగులోనికి జారి మట్టము పడిపోవును. అట్టిచోట కొలిచినప్పుడు వాగు నీరు పెరిగినట్లు కనబడి మోసపుచ్చును. కావున బావిమట్టమునుగూడ చూడక తీరదు. తాపీపనివారి నీళ్లగొట్టముతో వాగు మట్టమును, బావిమట్టమును సరిచూచుట కష్టము కాదు. ఇసుక త్రవ్వకము భూగర్భజలమునకు చెరుపు చేయుచోట దానిని అరికట్టుటకు 2002 నాటి వాల్టా చట్టము వీలు కల్పించినది. నెలనెల కొలిచి వ్రాసిన పుస్తకము చేతనున్న పంచాయతీ తన ఫిర్యాదును అంకెలతో చెప్పుకొనగలదు.

కొలుచునాడు ఎగువ గ్రామ సభ్యుడొకరు దిగువచోటను, దిగువ గ్రామ సభ్యుడొకరు ఎగువచోటను నిలిచి ఇరువురును పుస్తకములో సంతకము చేసినచో, తరువాత లెక్కపై పేచీ రాదు.