పడవ జనరేటర్: చల్లబరిచే నీరే ముంచుతుంది
ఇంటి ముందు నడిచే డీజిల్ జనరేటర్ గాలితోనో, రేడియేటర్‌తోనో చల్లబడుతుంది. పడవ అడుగున మూసిన గదిలో ఆ వీలు తక్కువ. అందుకే చాలా పడవల్లో సముద్రపు నీటిని పంపుతో తోడి, హీట్ ఎక్స్ఛేంజర్ గుండా నడిపి, చివరికి పొగగొట్టంలో కలిపి బయటకు వదులుతారు. ఇంజిన్ వేడినీ, పొగ వేడినీ ఆ నీరే మోసుకుపోతుంది.

కాబట్టి జనరేటర్ స్టార్ట్ చేయగానే పొగతోపాటు నీరు పడుతోందో లేదో చూడాలి. పడకపోతే వెంటనే ఆపేయాలి. వడపోతలో నాచు అడ్డుపడి ఉండొచ్చు, పంపులోని రబ్బరు ఇంపెల్లర్ రెక్కలు విరిగి ఉండొచ్చు. నీరు లేక పొగగొట్టపు రబ్బరు కాలితే, రంగూ వాసనా లేని కార్బన్ మోనాక్సైడ్ పడవ లోపలికి చేరుతుంది. అది ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా హిమోగ్లోబిన్‌ను పట్టుకుంటుంది. నిద్రలో ఉన్నవారికి ప్రమాదం తెలియను కూడా తెలియదు. పడుకునే చోట ఈ వాయువును పసిగట్టే అలారం ఉండాల్సిందే.

స్టార్ట్ కాని ఇంజిన్‌ను పదేపదే తిప్పడమూ ముప్పే. పంపు నీటిని తోడుతూనే ఉంటుంది, దాన్ని బయటకు నెట్టే పొగ మాత్రం ఉండదు. ఆ నీరు వెనక్కి నిండి సిలిండర్‌లోకి చేరవచ్చు. నీరు గాలిలా కుదించుకోదు. పిస్టన్ దాన్ని నొక్కబోతే కనెక్టింగ్ రాడ్డే వంగిపోతుంది. అలాంటప్పుడు సముద్రపు నీటి వాల్వును ముందు మూసి, ఇంజిన్ అందుకోగానే తెరవాలి.