గాలి సోకని గాయము: ధనుర్వాతము

ప్రాణవాయువు లేనిదే ఏ జీవియు బ్రతుకజాలదని మనము తలంతుము. కాని ధనుర్వాతమును కలిగించు సూక్ష్మజీవికి ఆ వాయువే విషము. అది గట్టి పెంకు గల సిద్ధబీజముగా మట్టిలో, పశువుల పేడలో ఏండ్ల తరబడి నిద్రించును. మేకు దిగిన లోతైన గాయములో గాలి చొరదు. అచ్చట ఆ బీజము మేల్కొని, మాంసకృత్తుల అంశములను పులియబెట్టి శక్తిని పొందును. అది వెలువరించు విషమువలన దవడలు బిగిసి, దేహము విల్లువలె వంగును.

మురికి కత్తితో బొడ్డు కోసినను, బొడ్డుపై పేడ పూసినను పసికందుకు ఇదే ముప్పు. గర్భిణులకు టీకాలు, శుభ్రమైన కాన్పులు, ఈ రెంటివలన నవజాత శిశువులలో ఈ వ్యాధి ప్రతి జిల్లాలోను వేయి జననములకు ఒకటికంటె తక్కువకు దిగినది. ఆంధ్రప్రదేశమున 2003లోను, దేశమంతట 2015లోను ఇది ధ్రువపడినది.

వ్యాధి తగ్గినను మట్టిలోని బీజము నశింపలేదు. కావున గాయమును సబ్బుతో కడిగి వైద్యుని చూడుడు. గర్భిణికి, బిడ్డకు టీకాలు తప్పక వేయింపుడు.