మూడు మైళ్ళ ప్రయాణం – పాత కారు ఎంపికలో రసాయన శాస్త్రం

బ్రిటన్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు రెండవ కారు కొనవలసిన సందర్భం ఒకటి తరచుగా ఎదురవుతుంది. దంపతులలో ఒకరు దూరాన ఉన్న ఆసుపత్రికో, కార్యాలయానికో మొదటి కారు తీసుకువెళతారు. రెండవవారికి ఇంటి నుండి రైల్వే స్టేషను వరకు మూడు మైళ్ళు. దారిలో పిల్లల బడి, తిరుగు ప్రయాణంలో కూరగాయల దుకాణం. ఈ మాత్రానికి కొత్త కారెందుకన్న వివేకంతో సెకండ్ హాండ్ కారు కోసం అన్వేషణ మొదలవుతుంది. అందరి చూపూ ముందుగా నిలిచేది ఓడోమీటరు మీదనే. పదేళ్ళ కారు, తిరిగినది 24,000 మైళ్ళు మాత్రమే, ఒకే యజమాని, పైగా డీజిల్ అని ప్రకటన కనిపిస్తే, ఇక వెదకనక్కరలేదనే అనిపిస్తుంది.

రసాయన శాస్త్ర దృష్టితో పరిశీలిస్తే, తక్కువ మైళ్ళు, డీజిల్ అన్న ఆ రెండు సుగుణాలూ అనుమానించదగినవే.

పదేళ్ళలో 24,000 మైళ్ళంటే సగటున రోజుకు ఆరున్నర మైళ్ళు. అనగా ఆ కారు కూడా బహుశా పదేళ్ళుగా ఏదో ఒక స్టేషనుకు వెళ్ళి వస్తున్నదే. అది విశ్రాంతిగా గడచిన జీవితం కాదు. ఏనాడూ ఒళ్ళు పూర్తిగా వేడెక్కకుండా గడచిన జీవితం. ఇంజనుకు ఈ రెంటికీ మధ్య చాలా భేదమున్నది.

పెట్రోలు ప్రధానంగా కర్బనం, ఉదజని కలిసిన పదార్థాల మిశ్రమం. అది మండినప్పుడు కర్బనం బొగ్గుపులుసు వాయువుగాను, ఉదజని నీటిగాను మారుతాయి. లెక్క కడితే ఒక లీటరు పెట్రోలు మండినప్పుడు దాదాపు ఒక లీటరు నీరు పుడుతుంది. ఇంజను, సైలెన్సరు వేడిగా ఉన్నప్పుడు ఆ నీరంతా ఆవిరి రూపంలో బయటకు పోతుంది కనుక మన కంటికి కనబడదు. చల్లని ఇంజనులో మాత్రం కొంత ఆవిరి పిస్టన్ రింగుల సందుల గుండా కిందికి జారి, ఇంజన్ ఆయిలులో నీరుగా చేరుతుంది. మరికొంత సైలెన్సరులో నిలిచి దానిని లోపలినుండి తుప్పు పట్టిస్తుంది. దహనంలో పుట్టే నత్రజని ఆక్సైడులు ఈ నీటిలో కరిగి ఆమ్లాలవుతాయి. వీటిని తటస్థపరచేందుకే ఆయిలులో క్షార గుణంగల పదార్థాలు కలుపుతారు. అవి ఖర్చయిపోయిన తరువాత లోహానికి రక్షణ తగ్గిపోతుంది. చల్లని సిలిండరు గోడలపై మండకుండా మిగిలిన పెట్రోలు కూడా ఆయిలులోకి దిగి దానిని పలుచన చేస్తుంది.

డాష్‌బోర్డు మీది ఉష్ణోగ్రత ముల్లు ఐదారు నిమిషాలలో మధ్యకు వచ్చినంత మాత్రాన ఇంజను వేడెక్కినదని భావించరాదు. ఆ ముల్లు చూపేది శీతలీకరణ ద్రవం వేడిని. ఆయిలు దాని వెనుక నింపాదిగా వేడెక్కుతుంది. పట్టణ వీధులలో మూడు మైళ్ళు సాగేసరికి ప్రయాణమే ముగిసిపోతుంది.

కనుక పాత కారు చూడబోయినవారు ఆయిలు పోసే మూత విప్పి లోపలి వైపు చూడడం మంచిది. మజ్జిగ చిలికిన కవ్వానికి అంటుకున్న వెన్నవంటి తెల్లని జిగురు కనిపిస్తే, అది నీరూ నూనే కలిసి ఏర్పడిన మిశ్రమం. శీతకాలంలో చిన్న ప్రయాణాల వలన ఇది కొంత కనబడడం సహజమే. దానితోపాటు శీతలీకరణ ద్రవం మట్టం కూడా తగ్గి ఉంటే మాత్రం ఇంజను లోపల అది కారుతున్నదేమోనని శంకించవలసిందే. అటువంటి కారును విడిచిపెట్టడం క్షేమం.

ఇక డీజిల్ సంగతి. బ్రిటన్‌లో 2001 నుండి కొత్త కార్ల రోడ్డు పన్నును బొగ్గుపులుసు వాయువు పరిమాణాన్నిబట్టి నిర్ణయించారు. ఆ లెక్కలో డీజిల్ కార్లకు మేలు కలిగింది. లక్షల కుటుంబాలు వాటిని కొన్నాయి. డీజిల్ పొగలోని మసి ఊపిరితిత్తులకు హానికరం కావడంతో ఐరోపా నిబంధనలు బిగిసి, 2011 నాటికి కొత్త డీజిల్ కార్లన్నింటా మసిని పట్టే ఫిల్టరు దాదాపు తప్పనిసరి అయింది. ఈ ఫిల్టరు పనితీరు ముచ్చటైనదే. సన్నని రంధ్రాలుగల పింగాణీ గోడలు మసిని పట్టి నిలుపుతాయి. నిండిన మసిని ఎప్పటికప్పుడు కాల్చివేయాలి. అందుకు సుమారు 600 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. ఇంజను అదనంగా కొంత డీజిల్ చల్లి ఆ వేడిని పుట్టిస్తుంది, కాని ఆ కార్యం పూర్తి కావడానికి పది ఇరవై నిమిషాలు కారు ఆగకుండా, వేగంగా నడవాలి.

మూడు మైళ్ళ ప్రయాణంలో ఆ అవకాశమే రాదు. కాల్చడం మొదలవుతుంది, స్టేషను వస్తుంది, ఇంజను ఆగిపోతుంది. మరునాడు మళ్ళీ అదే తంతు. మండని డీజిల్ ఆయిలులో చేరి దాని మట్టం పెరుగుతుంది, ఫిల్టరు పూడుకుపోతుంది. కొత్త ఫిల్టరుకు వెయ్యి పౌండ్లు దాటడం అరుదు కాదు. ఫిల్టరును పీకివేసి ఊరుకుందామన్నా వీలులేదు. 2014 ఫిబ్రవరి నుండి అది లేని కారు వార్షిక ఎం.ఓ.టి. పరీక్షలో తప్పుతుంది.

మరి డీజిల్ వలన ఆదా అయ్యేదెంత? ఏడాదికి 2,000 మైళ్ళు తిరిగే కారు గాలనుకు 40 మైళ్ళిస్తే 227 లీటర్లు, 60 మైళ్ళిస్తే 152 లీటర్లు కావాలి. తేడా 75 లీటర్లు. లీటరు ఒకటిన్నర పౌండు చొప్పున వేసుకున్నా ఏడాదికి నూట పన్నెండు పౌండ్లు. పైగా చల్లని ఇంజను మొదటి మైళ్ళలో ప్రకటించినంత మైలేజీ ఎన్నడూ ఇవ్వదు.

అందుచేత మూడు మైళ్ళవారికి పెట్రోలు కారే మేలు. అందునా టర్బో లేని, సాదా ఇంజనున్న చిన్న కారు. పెట్రోలును నేరుగా సిలిండరులోకి చిమ్మే కొత్త పద్ధతి ఇంజనులలో, చలిలో ఆయిలు పలుచనయ్యే అవకాశం ఎక్కువ. టైమింగు బెల్టు ఆయిలులో మునిగి తిరిగే ఇంజనులైతే ఆ పలుచనైన ఆయిలు బెల్టునే తినివేస్తుంది. టొయోటా యారిస్ వంటి హైబ్రిడ్ కూడా చక్కని ఎంపికే. అందులో విడిగా స్టార్టరు మోటారు, ఆల్టర్నేటరు ఉండవు కనుక చెడిపోయే భాగాలు తక్కువ.

అయితే ఇంటి ముందు సొంతంగా కారు నిలుపుకొనే చోటున్నవారు పాత విద్యుత్ కారును తప్పక పరిశీలించాలి. వేడెక్కవలసిన ఇంజను లేదు, ఆయిలు లేదు, ఫిల్టరు లేదు. 2013 నుండి సండర్‌లాండ్‌లోనే తయారైన నిస్సాన్ లీఫ్ ఇందుకు తగిన ఉదాహరణ. దాని పాత నమూనాలలో బ్యాటరీ సామర్థ్యం 24 కిలోవాట్-గంటలు. చల్లబరచే ద్రవ వ్యవస్థ లేదు. లిథియం బ్యాటరీ తిరగకపోయినా వయసుతో క్షీణిస్తుంది; వేడిలోనూ, నిండుగా ఛార్జి చేసి వదిలినప్పుడూ మరింత త్వరగా. మిగిలిన శక్తిని డాష్‌బోర్డు మీది పన్నెండు గీతలు తెలుపుతాయి. కొన్ని గీతలు పోయి, ఒకసారి ఛార్జికి యాభై మైళ్ళే వచ్చినా, రోజుకు ఆరు మైళ్ళవారికి అది ఎనిమిది రోజుల గ్రాసం. దూరప్రయాణం చేసేవారు వద్దనుకున్న కారు వీరికి చవకగా లభిస్తుందన్నమాట. ఆరు మైళ్ళకు ఖర్చయ్యే విద్యుత్తును మామూలు మూడు పిన్నుల సాకెట్టు ఒక గంటలో నింపగలదు. 2025 ఏప్రిల్ నుండి ఈ కార్లకూ రోడ్డు పన్ను వర్తిస్తున్నదని మాత్రం గుర్తుంచుకోవాలి.

ఏ కారైనా మైళ్ళతో కాక ఏళ్ళతో చెడేవి కొన్ని ఉన్నాయి. టైరు పక్కన ముద్రించిన చివరి నాలుగంకెలు అది తయారైన వారాన్ని, సంవత్సరాన్ని చెబుతాయి. 1216 అని ఉంటే 2016లో పన్నెండవ వారం. రబ్బరుకు ప్రాణవాయువు, ఓజోను శత్రువులు. బ్రేకు ద్రవం గాలిలోని తేమను పీల్చుకొని తక్కువ వేడికే మరుగుతుంది. బ్యాటరీలో సీసపు పలకల మీద సల్ఫేటు గట్టిపడుతుంది. రాత్రంతా నిలిపిన కారులో వోల్టు మీటరు 12.4 కంటే తక్కువ చూపితే అది సగం ఆకలితో ఉన్నట్టే.

కారు గత చరిత్ర తెలుసుకోవడం బ్రిటన్‌లో సులువు. రిజిస్ట్రేషను నంబరుతో ప్రభుత్వ వెబ్‌సైటులో 2005 నుండి జరిగిన ఎం.ఓ.టి. పరీక్షల ఫలితాలు, ఆనాటి మైళ్ళు ఉచితంగా చూడవచ్చు. మైళ్ళు ఎక్కువైనా ఏటేటా క్రమంగా పెరిగి, ఏటా ఆయిలు మార్చిన రసీదులున్న పెట్రోలు కారు, ఏ రసీదూ లేని తక్కువ మైళ్ళ కారు కంటే నమ్మదగినది. చూడడానికి వెళ్ళేముందు ఇంజను స్టార్టు చేయవద్దని అమ్మేవారిని కోరాలి. వెళ్ళగానే బానెట్టు మీద చేయి వేస్తే, మాట నిలుపుకున్నారో లేదో తెలిసిపోతుంది.

కొన్న తరువాత మైళ్ళతో నిమిత్తం లేకుండా ఏటా ఆయిలు మార్పించాలి. నెలకొకసారి అరగంటకు తగ్గకుండా మోటారుమార్గంలో నడిపితే ఆయిలులో చేరిన నీరు, పెట్రోలు చాలావరకు ఆవిరైపోతాయి. బ్యాటరీ కూడా నిండుతుంది. బర్మింగ్‌హామ్ సమీపాన టివిడేల్‌లోని బాలాజీ ఆలయానికి వెళ్ళి వచ్చినా స్వామి కార్యమూ స్వకార్యమూ నెరవేరుతాయి. విద్యుత్ కారు కొన్నవారికి ఈ స్వకార్యంతో పనిలేదు. దారిలో ఛార్జింగు ఎక్కడ దొరుకుతుందో ముందుగా చూసుకుంటే చాలు.