మూత్రపిండ మార్పిడి తరువాత ఆహారం, ఖనిజాల సమతుల్యత: 'పథ్యం' పరిధి

1. ఉపోద్ఘాతం

'పథ్యం' అనే సంస్కృతపదానికి మార్గానికి తగినది, హితమైనది అని అర్థం. తెలుగు వ్యవహారంలో 'పథ్యం ఉండటం' అంటే కొన్ని పదార్థాలను మానుకోవడం. 'పథ్యం పెట్టడం' అంటే లంఖణాల తరువాత రోగికి తగిన భోజనం ఇవ్వడం. మూత్రపిండ మార్పిడి జరిగిన రోగికి ఈ రెండూ అవసరమే. డయాలిసిస్ నాటి నిషేధాలను యథాతథంగా కొనసాగించడం ఒక పొరపాటు. కొత్త మూత్రపిండం వచ్చిందని అన్నింటినీ విడిచిపెట్టడం మరొక పొరపాటు. ఏ ఖనిజం విషయంలో నియమం ఎందుకు మారుతుందో వివరించడం ఈ వ్యాస ఉద్దేశం.

2. భాస్వరం: తారుమారయ్యే నియమం

డయాలిసిస్ కాలంలో రక్తంలో భాస్వరం పేరుకుంటుంది. అందువల్ల పాలు, పప్పులు, మాంసం మితం చేసి, ఆహారంలోని భాస్వరాన్ని పేగులోనే పట్టి ఉంచే మాత్రలను భోజనంతోపాటు ఇస్తారు. మార్పిడి తరువాత తొలి నెలల్లో ఈ స్థితి తరచుగా తారుమారవుతుంది. దీర్ఘవ్యాధిలో పెరిగిన పారాథైరాయిడ్ హార్మోను, ఎఫ్‌జిఎఫ్-23 వెంటనే తగ్గవు. వాటి ప్రభావంతో కొత్త మూత్రపిండం భాస్వరాన్ని అధికంగా విసర్జిస్తుంది. పెద్దలలో సాధారణంగా డెసిలీటరుకు 2.5 నుంచి 4.5 మిల్లీగ్రాముల వరకు ఉండవలసిన భాస్వరం బాగా పడిపోతే కండరాల నీరసం, ఎముకల బలహీనత కలుగుతాయి. అప్పుడు నిన్నటి వరకు నిషిద్ధమైన పాలు, పెరుగు, గుడ్డు, చేపలే పథ్యమవుతాయి. అదే పారాథైరాయిడ్ హార్మోను కొందరిలో రక్తంలోని కాల్షియాన్ని పెంచుతుంది కనుక కాల్షియం మాత్రలను సొంతంగా వాడటం తగదు.

3. పొటాషియం, మెగ్నీషియం: మందుల ప్రభావం

కొత్త అవయవాన్ని శరీరం తిరస్కరించకుండా ఇచ్చే టాక్రోలిమస్ పొటాషియం విసర్జనను తగ్గిస్తుంది, మెగ్నీషియం విసర్జనను పెంచుతుంది. అంటువ్యాధుల నివారణకు వాడే కోట్రైమాక్సజోల్ కూడా పొటాషియాన్ని పెంచగలదు. పొటాషియం మితిమీరితే గుండె లయ దెబ్బతింటుంది. పరీక్షలో అది హెచ్చుగా ఉన్నప్పుడు కొబ్బరినీళ్లు, అరటిపండు, టమాటా, చింతపండు మితం చేయాలి. కూరగాయలను చిన్న ముక్కలుగా తరిగి, ఎక్కువ నీటిలో ఉడికించి, ఆ నీటిని వార్చివేస్తే పొటాషియం కొంత తగ్గుతుంది. సోడియం తక్కువని అమ్మే పలు ఉప్పులలో పొటాషియం క్లోరైడ్ ఉంటుంది. రక్తపోటుకు మేలనుకుని వాటిని వాడటం ఈ రోగులకు ప్రమాదకరం.

మెగ్నీషియం లభించే పప్పులు, నువ్వులు, వేరుసెనగ, ఆకుకూరలలో పొటాషియం కూడా ఉంటుంది. ఒకదాన్ని పెంచబోతే రెండవది పెరుగుతుంది. ఆహారంతో సరిదిద్దలేనప్పుడు వైద్యులు మెగ్నీషియం మాత్రలు ఇస్తారు. మైకోఫినోలేట్ వాడేవారు ఆ మందు వేసుకునే వేళకూ, మెగ్నీషియం ఉన్న మాత్రలు వేసుకునే వేళకూ మధ్య వ్యవధి పాటించాలి. లేకుంటే మైకోఫినోలేట్ శోషణ తగ్గుతుంది.

4. మారని నియమాలు

కొన్ని నియమాలకు సడలింపు లేదు. రోజుకు ఉప్పు 5 గ్రాములు మించకూడదు; ఊరగాయలు, అప్పడాలు, వడియాలలోని ఉప్పు కూడా ఈ లెక్కలోనిదే. స్టెరాయిడ్లు, టాక్రోలిమస్ వల్ల కొత్తగా మధుమేహం రావచ్చు కనుక తీపి మితం చేయాలి. గ్రేప్‌ఫ్రూట్, దాని దగ్గరి బంధువైన పంపరపనస టాక్రోలిమస్ మోతాదును రక్తంలో పెంచగలవు కనుక వాటిని పూర్తిగా మానాలి. రోగనిరోధకశక్తి తగ్గి ఉంటుంది కాబట్టి కాచని పాలు, ఉడకని గుడ్డు, కడగని పచ్చికూరలు పనికిరావు.

5. ముగింపు

మార్పిడి తరువాతి పథ్యం స్థిరమైన పట్టిక కాదు. తాజా రక్తపరీక్ష, వాడుతున్న మందులు, మూత్రపిండం పనితీరు అనే మూడింటిని బట్టి అది మారుతుంది. రోగికి తెలుగులో ఇచ్చే సూచనపత్రంలో తినకూడనివి మాత్రమే ఉంటే పథ్యం అర్థంలో సగమే అందినట్లు. తినవలసినవి, కారణం, ఆ సూచన ఏ తేదీ పరీక్షపై ఆధారపడిందో, తిరిగి ఎప్పుడు పరిశీలించాలో కూడా అందులో ఉండాలి. అప్పుడే పాత కాగితాన్ని నమ్మి రోగి అవసరమైన ఆహారాన్ని మానుకునే స్థితి తప్పుతుంది.