సాధన ఎప్పుడు జబ్బవుతుంది?

అమ్మాయి అరంగేట్రం ఇంకా నెల్లాళ్లుంది. రాత్రి పదకొండయినా గజ్జెల చప్పుడు ఆగదు. అన్నం ముందు కూర్చుంటే రెండు ముద్దలు తిని లేచిపోతుంది. "స్టేజీ మీద లావుగా కనిపిస్తానమ్మా" అంటుంది. మీరేమో పక్కింటావిడతో "మా అమ్మాయికి డాన్సంటే ప్రాణం!" అని మురిసిపోతూ చెప్పుకుంటారు.

మురిసిపోవలసిందే. కాని ఆ మురిపెంలో పడి మనం చూడకుండా వదిలేసేవి కొన్ని ఉంటాయి. పట్టుదల ఎక్కడ ఆగుతుంది, జబ్బు ఎక్కడ మొదలవుతుంది? ఈ సంగతిని వైద్య గ్రంథాల కంటే కొన్ని సినిమాలే కళ్లకు కట్టినట్టు చూపించాయి. వాటిలో మూడింటిని ఈ వారం పక్కపక్కన పెట్టి చూద్దాం.

ఆగని ఎర్ర బూట్లు

మొదటిది 1948లో బ్రిటన్‌లో వచ్చిన 'ది రెడ్ షూస్'. మైఖేల్ పవెల్, ఎమెరిక్ ప్రెస్‌బర్గర్ కలిసి తీశారు. ఎర్ర బూట్లు తొడుక్కున్న పిల్ల ఆగుదామన్నా ఆగలేక ఆడుతూనే ఉండే ఆండర్సన్ కథ దీనికి ఆధారం. నాయిక విక్కీ బాలే నర్తకి. ఆ పాత్ర వేసిన మోయిరా షియరర్ కూడా నిజంగా బాలే నర్తకే. నాట్యబృందం యజమాని విక్కీకి పెట్టిన షరతు ఒక్కటే: నాట్యమా, సంసారమా, తేల్చుకో! ఒకపక్క భర్త, మరోపక్క యజమాని. ఇద్దరి మధ్యా నలిగిపోయి చివరికి ఆమె రైలు ముందు పడి ప్రాణం పోగొట్టుకుంటుంది.

ఇక్కడ అమ్మాయి మనసులో రోగమేమీ లేదు. "ఇదో, అదో" అని ఆమెను నిలదీసిన పెద్దలదే తప్పు.

అద్దంలో శత్రువు

రెండోది 2010లో డారెన్ ఆరొనోఫ్‌స్కీ తీసిన 'బ్లాక్ స్వాన్'. నటాలీ పోర్ట్‌మన్‌కు ఉత్తమ నటి ఆస్కార్ తెచ్చిన చిత్రమిది. నీనా అనే నర్తకి 'స్వాన్ లేక్'లో తెల్లహంసగానూ నల్లహంసగానూ తానే ఆడాలి. తిండి తినదు, తిన్నది కక్కేస్తుంది. వీపు రక్తం వచ్చేలా గోక్కుంటుంది. ఇంట్లో తల్లి ఒకప్పటి నర్తకి. తనకు దక్కనిది కూతురికి దక్కాలని పెద్దపిల్లను పసిపిల్లలా కనిపెట్టుకుని ఉంటుంది. చివరికి నీనాకు లేనివి కనిపిస్తాయి, తన నీడే తనకు శత్రువవుతుంది.

సినిమా కాబట్టి అంతా త్వరత్వరగా జరిగిపోతుంది. నాట్యం చేసినంత మాత్రాన ఎవరికీ మతి చలించదు. వంశంలో ఉన్న బలహీనత, పస్తులు, నిద్ర లేకపోవడం, భయం... ఇవన్నీ ఒకేసారి మీద పడితే కొందరిలో అణగి ఉన్న జబ్బు బయటపడుతుంది.

నిజజీవితంలోనూ ఉదాహరణ ఉంది. ప్రపంచ ప్రసిద్ధ నర్తకుడు నిజిన్‌స్కీ ముప్ఫై ఏళ్ల వయసుకే స్టేజీకి దూరమయ్యాడు. 1919లో, స్కిజోఫ్రీనియా అనే పేరును సృష్టించిన డాక్టర్ బ్లూలరే అతణ్ణి పరీక్షించి అది ఆ జబ్బేనన్నాడు. అతను 1950 దాకా బతికాడు గాని మళ్లీ స్టేజీ మీదికి రాలేదు. ఆ రోజుల్లో దానికి సరైన మందు లేదు. 1952 తర్వాతగాని రాలేదు. ఇవాళ మందులున్నాయి కాబట్టి దాచిపెట్టుకోవలసిన పనిలేదు.

గురువుగారి దెబ్బ

మూడోది 2014లో డేమియన్ షజెల్ తీసిన 'విప్‌లాష్'. ఆండ్రూ డ్రమ్స్ నేర్చుకునే కుర్రాడు. గురువు ఫ్లెచర్ తిడతాడు, కొడతాడు, కుర్చీ విసురుతాడు. కుర్రాడి చేతులు చిట్లి డ్రమ్స్ మీద రక్తం పడుతుంది. కారు ప్రమాదం జరిగినా అదే నెత్తుటి ఒంటితో స్టేజీ ఎక్కుతాడు. అదే గురువు దగ్గర చదివిన మరో శిష్యుడు ఉరివేసుకున్నాడని తెలిసినా, చివర్లో ఆండ్రూ అద్భుతంగా వాయిస్తుంటే మనం చప్పట్లు కొట్టబోతాం!

మూడింటిలోనూ ప్రమాదకరమైనది ఇదే. మొదటి రెండూ చూసి భయపడతాం. ఇది చూసి "దెబ్బలు పడితేనే విద్య వస్తుంది" అనుకుంటాం. ఫ్లెచర్ తన పద్ధతికి సాక్ష్యంగా, జో జోన్స్ అనే డ్రమ్మర్ కుర్రాడైన చార్లీ పార్కర్ తల మీదికి తాళం విసిరాడనీ, అందుకే అతను మహా విద్వాంసుడయ్యాడనీ చెబుతాడు. నిజానికి ఆ తాళం పడింది పార్కర్ కాళ్ల దగ్గర, నేల మీద. ఆ పార్కరే మత్తుమందులకు బానిసై 1955లో 34 ఏళ్లకే కన్నుమూశాడు.

మరి గొప్ప విద్వాంసులు ఎలా సాధన చేస్తారు? బెర్లిన్ సంగీత విద్యాలయంలోని వయొలిన్ విద్యార్థులను ఎరిక్సన్, ఆయన సహచరులు పరిశీలించి 1993లో ఫలితాలు ప్రకటించారు. అందరికంటే మెరుగైనవారు రోజుకు సుమారు మూడున్నర గంటలు ఒంటరిగా సాధన చేసేవారు. అదీ ఏకధాటిగా కాదు, గంట, గంటన్నర చేసి మధ్యలో విశ్రాంతి తీసుకుంటూ. తక్కువ స్థాయివారి కంటే వీరే ఎక్కువ నిద్రపోయేవారు, మధ్యాహ్నం కునుకు కూడా తీసేవారు!

ఈ లక్షణాలు కనిపెట్టండి

• బరువు తగ్గిపోవడం, భోజనం కాగానే బాత్‌రూములోకి వెళ్లి తలుపేసుకోవడం, కళ్లు తిరిగి పడిపోవడం.

• ఆడపిల్లకు వరసగా మూడు నెలలు బహిష్టు కాకపోవడం. "పోనీలే, ప్రాక్టీసుకు అడ్డం లేదు" అనుకోకండి. చాలినంత తిండి లేక ఎముకలు బలహీనపడుతున్నాయనడానికి అది గుర్తు కావచ్చు. అలాంటి పాదాలు గట్టిగా తాళం వేస్తే సన్నగా చిట్లుతాయి.

• వాద్యం వాయించేవారికి వేళ్లు మొద్దుబారడం, వాటంతటవే ముడుచుకుపోవడం. పియానో విద్వాంసుడు లియాన్ ఫ్లైషర్ కుడిచెయ్యి 1964లో ఇలాగే మాట వినడం మానేసింది. రెండు చేతులతో మళ్లీ వాయించడానికి మూడు దశాబ్దాలు పట్టింది.

• పాడేవారికి మూడు వారాలు దాటినా తగ్గని గొంతు బొంగురు. తేనె, మిరియాలతో సరిపెట్టక చెవి, ముక్కు, గొంతు డాక్టరుకు చూపించండి.

• చిన్న తప్పుకే తనను తాను కొట్టుకోవడం, గీసుకోవడం, స్నేహితులను వదిలేయడం.

• ఎవరూ లేకుండానే మాటలు వినిపిస్తున్నాయనడం. ఇది దిష్టి కాదు, గాలి సోకడం కాదు. వెంటనే మనోవైద్యుని దగ్గరకు తీసుకెళ్లండి.

• "నేను పనికిరాను, చచ్చిపోతే బాగుండు" అనడం. ఆ మాటను బెదిరింపుగా కొట్టిపారేయకండి, ఒంటరిగా వదలకండి. ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

మీరు చేయవలసింది

సాధనకు వేళ పెట్టండి. గంటకోసారి పావుగంట విరామం, వారానికి ఒకరోజు పూర్తి సెలవు ఉండాలి. పదిహేనేళ్ల పిల్లకు ఎనిమిది గంటలకు తగ్గని నిద్ర కావాలి. ఒళ్లు గురించి ఇంట్లో వెక్కిరింపులు వద్దు. "కాస్త తగ్గితే బాగుంటావు" అని అత్తయ్యో పిన్నో సరదాగా అన్న మాటే కొందరిలో పస్తులకు నాంది అవుతుంది. స్టేజీ భయానికి ఎవరో ఇచ్చారని గుండెదడ మాత్రలు వేయకండి. ఉబ్బసం ఉన్నవారికి వాటిలో కొన్ని ప్రమాదం.

గురువును గౌరవించండి. కాని చెయ్యి చేసుకునే గురువైతే నిర్మొహమాటంగా వెళ్లి మాట్లాడండి, మారకపోతే మాన్పించండి. విద్య మరోచోట దొరుకుతుంది.

చివరిగా, మీ మనసును కూడా ఒకసారి అడిగి చూసుకోండి: ఈ అరంగేట్రం ఎవరి కోరిక? ఇవాళ అమ్మాయి ప్రాక్టీసు నుంచి రాగానే "ఎలా చేశావు?" అని కాక, "ఆకలిగా ఉందా?" అని అడగండి. పక్కన కూర్చుని వడ్డించండి. ఎంత తింటోందో, ఏమంటోందో మీకే తెలుస్తుంది. అనుమానంగా ఉంటే అరంగేట్రం తేదీని వాయిదా వేయండి. డాక్టరు దగ్గరకు వెళ్లడం మాత్రం వాయిదా వేయకండి.