పెళ్ళిళ్ళ దేవత హేరా

ఈ వారం ఒక గ్రీకు దేవత సంగతి చెప్పుకుందాం.

మా అమ్మాయి ఇక్కడ ఇంగ్లండులో ఐదో తరగతి. బళ్ళో ప్రాచీన గ్రీసు పాఠాలు చెబుతున్నారు. మొన్న అన్నం తింటూ అడిగింది: "అమ్మా, హేరా పెళ్ళిళ్ళ దేవత కదా! మరి వాళ్ళాయనతో ఎప్పుడూ పోట్లాటేనేం?" నాకు జవాబు తోచలేదు. పుస్తకాలు తిరగేశాను.

హేరా దేవతల రాజు జియస్ భార్య. రోమనులు ఈవిడనే జూనో అన్నారు. జూన్ నెలకి ఆ పేరు ఈవిడ వల్లే వచ్చిందంటారు. జియస్‌కి పరస్త్రీ వ్యామోహం, ఈవిడకి కోపం. కథల్లో సగం ఇదే గొడవ. ఆయన ప్రియురాలు అయో ఆవుగా మారితే, కాపలాకి వంద కళ్ళ ఆర్గస్‌ని పెట్టింది. వాణ్ణి చంపించాడు జియస్. ఆ కళ్ళనే హేరా నెమలి పింఛంలో పొదిగిందట.

అయినా జనం ఆవిణ్ణి గయ్యాళిగా చూడలేదు. ఏథెన్సులో మన జనవరి, ఫిబ్రవరి రోజుల్లో వచ్చే నెలకి గామేలియాన్ అని పేరు, అంటే పెళ్ళిళ్ళ నెల. అప్పుడు జియస్, హేరాల కల్యాణం పండుగ చేసేవారు, మనం సీతారామ కల్యాణం చేసుకున్నట్టే. ఒలింపియాలో హేరా పేర నాలుగేళ్ళకోసారి ఆడపిల్లలకి పరుగు పందేలు ఉండేవి. ఇప్పటికీ ఒలింపిక్ జ్యోతి వెలిగించేది అక్కడి హేరా గుడి శిథిలాల ముందే.

క్రీ.శ. 2వ శతాబ్దంలో గ్రీసంతా తిరిగిన పౌసానియస్ రెండు ముచ్చట్లు రాశాడు. ఒకసారి హేరా అలిగి వెళ్ళిపోయింది. జియస్ ఒక కొయ్యబొమ్మకి ముసుగు వేసి, ఎడ్లబండి ఎక్కించి, మళ్ళీ పెళ్ళి చేసుకుంటున్నానని చాటించాడు. హేరా పరుగున వచ్చి ముసుగు లాగేసింది. చూస్తే కొయ్యబొమ్మ! అలక తీరిపోయింది.

రెండోది నా మనసుకి పట్టుకుంది. స్టింఫాలస్ అనే ఊళ్ళో హేరాకి మూడు గుళ్ళు ఉండేవట. ఒకటి కన్నెపిల్లగా, ఒకటి ఇల్లాలిగా, మూడోది విధవగా. జియస్‌తో తగవుపడి ఒంటరిగా ఆ ఊరు తిరిగొచ్చినప్పటి రూపం అది. తోడు లేని రూపానికీ గుడి కట్టి మొక్కారు చూడండి!

అది చదివి పుస్తకం మూసేశాను. పోయిన వేసవిలో మా తమ్ముడి కూతురి పెళ్ళికి మా అమ్మ ఇండియా నించి వచ్చింది. నాన్నగారు పోయి నాలుగేళ్ళయింది. అమ్మ వెనక వరసలో కూర్చుంది. అక్షింతల పళ్ళెం దగ్గరికి వస్తే, "నాకెందుకులే అమ్మా" అని పక్కకి పంపేసింది. ముందుకి రమ్మని ఎవరూ అనలేదు. నేనూ అనలేదు. ఆ పిల్లని చిన్నప్పుడు ఎత్తుకుని పెంచింది ఆవిడే.

మా అమ్మాయికి ఇలా చెప్పాను: కాపురంలో మంచీ చెడ్డా అన్నీ పడ్డది కాబట్టే ఆడవాళ్ళు తమ కష్టం హేరాకి చెప్పుకునేవారేమో. అది విని, "మరి అమ్మమ్మ కూడా అన్నీ చూసిందిగా?" అంది.

ఆగస్టులో మా ఇంట్లో ఇంకో పెళ్ళి ఉంది. మొదటి అక్షింతలు అమ్మ చేత వేయిస్తాను. ఎవరేమనుకున్నా సరే.

వచ్చే వారం మళ్ళీ కలుద్దాం. సెలవు.