అడవిలో బోర్డు, వార్డులో బోర్డు



మా వార్డు తలుపు మీద "ఈ సమయంలో లోనికి ప్రవేశం లేదు" అని బోర్డు ఉంటుంది. "ఒక్క నిమిషం సిస్టరమ్మా, చూసి వచ్చేస్తాం" అని బతిమాలేవారు రోజూ ఉంటారు. నా జవాబు ఎప్పుడూ ఒకటే. ఆ బోర్డు లోపల ఉన్న రోగిని కాపాడుతుంది, బయట ఉన్న మిమ్మల్ని కూడా కాపాడుతుంది. అడవి దారిలో కనబడే బోర్డు కూడా అలాంటిదే.

మన మునగాల, కోదాడ వైపు కుటుంబాలు సెలవుల్లో సాగర్ చూసుకుని, దేవరకొండ, డిండి మీదుగా శ్రీశైలం వెళ్తుంటారు. మన్ననూరు దగ్గర చెక్‌పోస్టు దాటాక వచ్చేది అమ్రాబాద్ పులుల అభయారణ్యం. ఇది 2014లో రాష్ట్రం విడిపోయే వరకు నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యంలో భాగం.

ఈ దారిలో రాత్రి 9 గంటల నుండి ఉదయం 6 గంటల వరకు వాహనాలను వదలరు. అది జంతువులు రోడ్డు దాటే సమయం. జూలై నుండి సెప్టెంబరు వరకు సఫారీ మూసివేస్తారు. వానాకాలంలో మట్టి బాటలు పాడవుతాయి, వాగులు ఒక్కసారిగా పొంగుతాయి, పాములు, దోమలు ఎక్కువగా ఉంటాయి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అనుమతి లేకుండా అభయారణ్యం లోపలికి వెళ్లడం, నిప్పు పెట్టడం నేరం.

ఒకసారి పదేళ్ల బాబును మా దగ్గరకు తెచ్చారు. అడవి రోడ్డు మీద కారు ఆపి కోతికి అరటిపండు అందిస్తుంటే చెయ్యి కరిచింది. పసుపు అద్ది ప్రయాణం కొనసాగించి, మూడవ రోజున వచ్చారు. ఎందుకు ఆలస్యం చేశారని అడిగితే తల్లి తల వంచుకుని, "దిగవద్దని బోర్డు ఉంది సిస్టర్, తిడతారని భయపడ్డాం" అన్నది. టీకాలన్నీ వేయించాం, బాబు క్షేమంగా ఉన్నాడు. కాని రేబిస్ లక్షణాలు ఒకసారి మొదలైతే మనిషి బతకడం దాదాపు అసాధ్యం. తప్పు చేశామన్న సిగ్గుతో వైద్యం ఆలస్యం చేయకండి. మేము అడిగేది గాయం గురించే.

గుర్తుంచుకోండి:

1. అడవి రోడ్డులో వాహనం దిగవద్దు. కోతులకు తిండి పెట్టవద్దు. తిండికి అలవాటు పడిన కోతి మనిషి మీదికి వస్తుంది, రోడ్డు మీదే తిరిగి బండ్ల కింద పడుతుంది.

2. కోతి, కుక్క కరిచినా, గీరినా సబ్బుతో, పారే నీళ్లతో 15 నిమిషాలు కడిగి, ఆ రోజే ఆసుపత్రికి రండి.

3. నడిచే చోట గుర్తించిన బాట వదలవద్దు. ఆకులు, పొదల మధ్య పాము కనబడదు. కాటు పడితే తాడు కట్టవద్దు, కోయవద్దు, నోటితో పీల్చవద్దు. ఆ కాలు లేక చెయ్యి కదలకుండా ఉంచి వెంటనే ఆసుపత్రికి చేర్చండి. అడవిలో చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ ఉండదు, 108కి చెప్పడం కూడా కష్టమే.

4. వేసవిలో తాగునీరు, ఓఆర్ఎస్ పొట్లాలు వెంట ఉంచుకోండి. బీడీ, సిగరెట్ ముక్క పారవేయవద్దు. ఎండుటాకులు ఇట్టే అంటుకుంటాయి.

గేటు మూసి ఉంటే గార్డుతో వాదించకుండా వెనక్కి తిరగండి. పిల్లలు మన మాట కంటే మనం చేసేదే నేర్చుకుంటారు. ఆ గేటు దగ్గర మీరు వెనక్కి తిరగడం చూసిన బిడ్డ, రేపు వాగు ఒడ్డున ఒంటరిగా ఉన్నప్పుడు కూడా బోర్డు చూసి ఆగుతాడు.